ఖాళీ దిమ్మె దగ్గర ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను మీ ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. వ్యాపారం పెట్టాలనుకునే మన యౌవనస్థులకు పనికొచ్చే సాక్ష్యం ఒకటి చెప్పమని పాస్టరు అయ్యగారు పోయిన ఆదివారం అడిగితే సరేనన్నాను, అన్న దగ్గర్నుంచి ఏం చెప్పాలో తెలియక ఇల్లంతా తిరుగుతున్నాను. ఎందుకంటే దేవుడు మనలో కొందరిని తాగుడులోంచి విడిపించాడు, కొందరిని మంచం మీద నుంచి లేపాడు, మరి నిన్ను దేంట్లోంచి విడిపించాడమ్మా అంటే ఏ డాక్టరూ దానికి మందు రాయడు. తికమకలోంచి విడిపించాడు. పూర్తిగా విడిపించాడా అంటే అదీ గట్టిగా చెప్పలేను, మీరే విని చెప్పండి.

నా పేరు రత్నకుమారి. వేటపాలెంలో మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉందని మీకు తెలుసు. మా అమ్మ బతికినన్నాళ్లూ వేరేవాళ్ల షెడ్డులో పప్పు వలిచి నన్ను గుంటూరులో ఎంబీయే చదివించింది, అందుకే సొంత షెడ్డు వేసిన రోజున నా అంత గర్వం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. పగలగొట్టి ఆరబెట్టిన పప్పు తెచ్చుకుని, పైనుండే ఎర్ర పొట్టు ఆడవాళ్లతో వలిపించి, ప్యాకెట్లు కట్టి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని నేరుగా ఇళ్లకు పంపేవాళ్లం. వలిచేవాళ్లంతా మన సంఘంవాళ్లే. అమ్మతో కలిసి పనిచేసిన మార్తమ్మ పిన్ని కూడా వచ్చి చేరింది. పొద్దున్నే అందరం కూర్చుని ప్రార్థన చేసుకుని ఆ తర్వాతే పప్పు ముట్టుకునేవాళ్లం.

ఆర్డర్లు పెరిగాయి. పెరిగితే సంతోషించాలి కదా, నా చీకటి రోజులు అక్కడే మొదలయ్యాయి. చేతి వలుపు అందుకోవడం లేదు, పొట్టు తీసే మిషను కొనాలా వద్దా అన్నదే ప్రశ్న. కొంటే ఈ ఆడవాళ్ల పని ఏమవుతుంది, కొనకపోతే యూనిట్ నిలబడుతుందా. మా ఆయన కొనమన్నాడు. గుంటూరులో లీడర్‌షిప్ క్లాసులకు వెళ్తే, నాయకుడంటే వెంటనే తేల్చేవాడని అక్కడి సారు బల్ల గుద్ది చెప్పాడు. ఇంటికొచ్చి ఫోన్లో ఇంకొకాయన వీడియో చూస్తే, తొందరపడ్డవాడే మునుగుతాడని ఆయన అంతకంటే గట్టిగా చెప్పాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, అలా అయింది నా పని. ఇద్దరి మాటా నిజమనే అనిపించేది, అది నా జబ్బు.

అప్పుడు నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు, కానీ మీలో చాలామంది ఇళ్లలో కూడా ఆ డబ్బా ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దానం కార్డు తీసుకోవడం మన సంఘాల్లో అందరికీ అలవాటే కదా. అది ఏడాదంతా మన ధైర్యం కోసం. నేను మాత్రం అలాంటి కార్డుల డబ్బా ఒకటి కొని, మిషను సంగతి తేల్చమని రోజూ దాన్నే అడగడం మొదలుపెట్టాను. "ప్రభువా, కొనమంటావా, వద్దంటావా, ఈ కార్డులో చూపించు" అని కళ్లు మూసుకుని తీసేదాన్ని. ఒకరోజు లేచి బయలుదేరమని వచ్చేది. మర్నాడు కదలకుండా కనిపెట్టుకుని ఉండమని వచ్చేది. మొదటిది వ్యాపారానికి, రెండోది సంసారానికి అయ్యుంటుందిలే అనుకుని మూడోది తీసేదాన్ని, అందులో గొర్రెల సంగతి ఉండేది.

నా అవస్థ చూడలేక ఒకనాడు మా ఆయన తనే ఒక కార్డు తీశాడు. అందులో బండ మీద కట్టిన ఇంటి మాట వచ్చింది. ఇంకేముంది, ఇంతకంటే స్పష్టంగా దేవుడు ఏం చెబుతాడే అని సాయంత్రానికల్లా మేస్త్రీని తీసుకొచ్చి, షెడ్డు మధ్యలో మిషను కోసం సిమెంటు దిమ్మె పోయించేశాడు. దిమ్మె ఆరేలోపు నేను తీసిన కార్డులో ఓర్పు అని వచ్చింది. దాంతో మిషను ఆగిపోయింది, దిమ్మె మిగిలింది.

సహోదరులారా, ఆ ఖాళీ దిమ్మె సంగతే నేను ఈరోజు చెప్పదలుచుకున్నది. నెలల తరబడి అది షెడ్డు మధ్యలో అలాగే ఉంది, ఆడవాళ్లు దాని చుట్టూ కూర్చుని వలిచేవాళ్లు, తమ క్యారేజీలు దాని మీద పెట్టుకునేవాళ్లు. మార్తమ్మ పిన్ని ఒకసారి, "ఏం రత్నమ్మా, ఇదేమన్నా అరుగా?" అని అడిగింది. "ఊరికేనే పిన్నీ, దేనికో దానికి పనికొస్తుందని" అన్నాను. ఆ దిమ్మె ఎందుకో వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలుసని నాకూ తెలుసు. ఎవ్వరం నోరెత్తలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఎంతో ఓపిగ్గా వలిచేవాళ్లు ఒక్కసారిగా పరుగు అందుకున్నారు. మిషను కంటే తామే నయమని నాకు చూపించాలని కాబోలు, గబగబా వలిచేసరికి విరక్కుండా గుండుగా ఉండాల్సిన పప్పు బద్దలైపోయేది. బద్దలు ఎక్కువయ్యాయని కొన్నవాళ్లు ఫోన్ చేసి అడిగితే, నేను వీళ్ల మీద విసుక్కునేదాన్ని, విసుక్కుంటే వీళ్లు ఇంకా భయపడేవాళ్లు. అందరిలోకి చేతి నేర్పు ఉన్న సలోమి ఒకరోజు రాలేదు, రెండో రోజూ రాలేదు, చీరాలలో పవర్ మగ్గాల దగ్గర చేరిందని తర్వాత తెలిసింది. నాకు మాటమాత్రమైనా చెప్పకుండా వెళ్లిపోయిందని ఏడ్చాను. నేను తనకేం చెప్పానని తను నాకు చెబుతుంది అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

అన్నం సహించేది కాదు. ప్రార్థనకు మోకరిస్తే మాట వచ్చేది కాదు, మిషనే కళ్ల ముందు తిరిగేది. దేవుడు నన్ను వదిలేశాడేమో అనుకున్నాను. ఇలాగే సాగితే ఇంకో నలుగురు వెళ్లిపోతారు, ఆ తర్వాత మిషను ఉన్నా లేకపోయినా యూనిట్‌కు తాళమే అని నాకు తెలుస్తూనే ఉంది. అయినా తేల్చలేకపోయాను.

ఆ రోజు ముసురు పట్టింది. రేకుల మీద వాన చప్పుడు. పొద్దుటి ప్రార్థన వంతు మార్తమ్మ పిన్నిది. ఆమె లేచి, తన క్యారేజీ పక్కకు జరిపి, ఆ దిమ్మె మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఆ ప్రార్థన నాకు ఇప్పటికీ మాట మాటకూ గుర్తుంది.

"తండ్రీ, నీకు స్తోత్రం. మా రత్నమ్మ మంచిది, దాని తల్లి నాకు తోడబుట్టినదానికంటే ఎక్కువ. మిషను తెస్తే తెచ్చుకోనియ్యి నాయనా, మేం ఇంకో పని చూసుకుంటాం. తేకపోతే ఇక్కడే కూర్చుని వలుచుకుంటాం. రెంటిలో ఏదైనా మోస్తాం. ఈ తెలియకపోవడమే మోయలేకపోతున్నాం. అవునో కాదో చెప్పే నోరు దానికి ఇవ్వు తండ్రీ."

అందరూ ఆమేన్ అన్నారు. నేనొక్కదాన్నే అనలేదు. ఇన్నాళ్లూ ఏది సరైనది అని నేను దేవుణ్ణి అడుగుతున్నాను, వీళ్లేమో నాకు నోరు ఇవ్వమని అడుగుతున్నారు. ప్రశ్న నాది తప్పా, వాళ్లది తప్పా, ఏమీ తెలియలేదు. లేచి నిలబడ్డాను. సహోదరీలారా, నిజం చెబుతున్నాను, నిలబడేటప్పుడు కూడా నా నోట్లోంచి అవునని వస్తుందో కాదని వస్తుందో నాకే తెలియదు.

"అందరూ వినండి. మిషను తెస్తున్నాం, క్రిస్మస్ అయ్యాక వస్తుంది" అన్నాను. "మీలో ఎవర్నీ నేను పంపను. మిషను వలవలేని పప్పు చేత్తోనే వలవాలి, బద్దలు ఏరాలి, ప్యాకింగ్ ఉంది, ఫోన్లో ఆర్డర్లు తీసుకునే పని ఉంది, అది నేను నేర్పిస్తాను. ఇంతకంటే నాకు తెలియదు. తెలిసినప్పుడు ఇక్కడే, మీ అందరి ముందే చెబుతాను."

అప్పుడు మార్తమ్మ పిన్ని, "ఇంతేనా? ఈ ముక్క ఎండాకాలంలోనే చెప్పుంటే సలోమి ఉండేది కదే తల్లీ" అంది. అని, క్యారేజీ మళ్లీ దిమ్మె మీద పెట్టి పప్పు ముందు కూర్చుంది.

ఇంటికి వెళ్లి చెబితే మా ఆయన మొదట అడిగింది, "ఏ కార్డు వచ్చింది?" అని. ఏ కార్డూ తీయలేదంటే ఆయన నమ్మలేదు.

మిషను వచ్చింది. తీరా దింపితే దాని కాళ్లు దిమ్మె దాటి బయటికి వచ్చాయి. బండ మీద కట్టాం గానీ కొలత తీసుకోలేదు. మళ్లీ మేస్త్రీ వచ్చాడు. ఆ రోజు మేమంతా నవ్విన నవ్వు ఆ షెడ్డులో చాలా నెలల తర్వాత విన్న నవ్వు. నేను మాట ఇచ్చినట్టే ఎవర్నీ పంపలేదు, కానీ ఫోన్ పని నచ్చక ఒకామె తనంతట తనే మానేసింది. సలోమి కోసం చీరాల వెళ్లాను. "ఇక్కడ అలవాటైపోయిందక్కా, ఏమనుకోవద్దు" అంది, టీ ఇచ్చి పంపించింది. మిషను తేవడం సరైన పనేనా అని నన్ను అడక్కండి, నాకు ఇప్పటికీ తెలియదు. చేత్తో వలిచిన పప్పు చూసినప్పుడల్లా ఏదోలా ఉంటుంది. కానీ ఆ రోజు నా నోరు తెరిచింది దేవుడే, అది మాత్రం తెలుసు, ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు.

యౌవనస్థులారా, రేపు మీరు ఒక కొట్టు పెడతారు, ఒక యూనిట్ పెడతారు, మీ కింద నలుగురు పనిచేస్తారు. అన్నీ తెలిశాక మాట్లాడదాం అనుకుంటారు. అన్నీ తెలిసే రోజు రాదు, నాకైతే రాలేదు. మీ షెడ్డు మధ్యలో ఖాళీ దిమ్మె పెట్టి ఊరికేనే అని చెప్పకండి. మీ తికమకను తీసుకెళ్లి ప్రభువు పాదాల దగ్గర పెట్టండి, ఆయన తికమకపడేవాళ్లను తోసేసేవాడు కాడు. నన్నే తోసెయ్యలేదు. వాగ్దానం కార్డు తీసుకోండి, దాన్ని గుండెకు హత్తుకోండి. నోరు మాత్రం మీరే తెరవండి, బలం ఆయన ఇస్తాడు. దేవునికే మహిమ.

ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. ఇప్పుడు నేను పొద్దున్నే అన్నీ చెబుతున్నాను, ఆర్డర్లు ఎలా ఉన్నాయి, రేపు ఏం చేయబోతున్నాం, పప్పు ఎలా ఏరాలి, ఒక్కటీ దాచడం లేదు, కొంచెం ఎక్కువే చెబుతున్నానేమో కూడా. మొన్న మళ్లీ ప్రార్థన వంతు మార్తమ్మ పిన్నికి వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని, "తండ్రీ, మా రత్నమ్మకు నోరు ఇమ్మని అడిగాం, ఇచ్చావు, నీకు వందనాలు. ఇక చెవులు కూడా ఇవ్వు నాయనా" అంది.

ఈసారి అందరికంటే ముందు ఆమేన్ అన్నది నేనే. నా కోసం మీరు కూడా అనండి.