గింజ కొరికి చెప్పిన పెద్దమ్మ

పోయిన శుక్రవారం పొద్దున పెద్దమ్మ చనిపోయింది. ఆమె కూతురు ఫోన్ చేసేసరికి నేను వికారాబాద్‌లోని మా కొత్త ఆఫీసులో ఉన్నాను. పప్పు సంచికి ఏ రంగు బాగుంటుందో మిల్లు యజమాని సేటుతో కలిసి చూస్తున్నాను. "అమ్మ పోయింది మేడం. పొద్దుమూకక ముందే మట్టి చేస్తం" అని చెప్పి ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

సేటుకు చెప్పాను. "అయ్యో, మస్తు మంచి మనిషి. ఒక పెద్ద దండ తీసుకపో" అన్నాడు. తాండూరు మిల్లులో ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కపూట మిషన్లు ఆపుదామా అని అడిగాను. "సాయంత్రం లోడు పోవాలె గదమ్మా" అన్నాడు, సంచి మీదినుంచి కళ్లు తియ్యకుండానే. నేను మళ్లీ అడగలేదు. ఈ ఉద్యోగంలో నేను బాగా నేర్చుకున్నది అదే, రెండోసారి అడగకపోవడం.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మిల్లులో అందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్లు. పన్నెండేళ్ల కింద డిగ్రీ అయిపోయి నేను పనిలో చేరినప్పుడు అది మిల్లు కూడా కాదు, తాండూరులో అద్దెకు తీసుకున్న ఒక రేకుల షెడ్డు. ఆరుగురు ఆడవాళ్లు చాటలతో కందిపప్పు చెరిగి, రాళ్లు ఏరి, సంచులకు ఎత్తేవాళ్లు. వాళ్లందరికీ పెద్దదిక్కు పెద్దమ్మే. రోజూ తన ఊరు పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. సేటు కూడా అప్పట్లో మాతో కింద కూర్చునే సద్ది విప్పేవాడు.

మొదటి రోజే ఆమె నా అరచేతిలో నాలుగు గింజలు పోసి కొరకమంది. కొరికాను. ఎట్లుంది అంటే, బాగుంది అన్నాను. నవ్వింది.

"రుచి కాదు బిడ్డా. చెవితోని ఇను. టక్కుమంటే ఎండినట్టు. చప్పుడు లేకుంట అణిగితే లోపల పచ్చిగున్నట్టు. గట్లదాన్ని సంచికెత్తొద్దు, బూజు పడతది."

ఆ చప్పుడు పట్టుకోవడానికి నాకు నెలరోజులు పట్టింది. ఆమె విసుక్కోలేదు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, నేను కొరికిన ప్రతి గింజకూ తలూపడమో అడ్డంగా ఆడించడమో చేసేది. నేల మీద పప్పు ఒలికితే ఎవర్నీ దాటనిచ్చేది కాదు, ముందు ఎత్తించేది. ఒకసారి నేను తొందరపెడితే అంది: "తినేటోళ్ల మొఖం మనకు కనపడది. అందుకే జర భయముండాలె."

హైదరాబాద్ దుకాణాల నుంచి ఆర్డర్లు పెరిగాయి. షెడ్డు పోయి మిల్లు వచ్చింది. రంగును బట్టి గింజలు వేరుచేసే మిషన్ వచ్చింది, తేమ చూసే మీటర్ వచ్చింది. నాకు సూపర్‌వైజర్ అని పేరు, కూర్చోవడానికి కుర్చీ వచ్చాయి. పెద్దమ్మ మాత్రం లోడు కట్టే ముందు వచ్చి, ఒక్కో సంచిలోంచి ఒక గింజ తీసి కొరికి చూసేది. కొత్తగా చేరిన పిల్లలు నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, వాళ్ల ముందు.

ఒక ముసురు వానల్లో ఒక లోడు కొరికి చూసి ఆమె ఆపమంది. "పైపైన ఆరింది. లోపల పచ్చిగుంది. ఇంక రెండు దినాలు ఎండాలె."

"మీటర్ మంచిగనే చూపిస్తుంది గదా" అన్నాడు సేటు, నా వైపు చూస్తూ.

నేనూ ఒక గింజ కొరికాను. చప్పుడు రాలేదు. నాకు తెలుసు. అయినా మీటర్ సరిగానే ఉంది సార్ అని కాగితం మీద సంతకం పెట్టాను.

కొన్ని వారాలకు ఆ సరుకు బూజు వాసనతో తిరిగొచ్చింది. సేటు అందరి ముందు గట్టిగా అరిచాడు. "ఎవరు చూసిన్రు దీన్ని?"

"పెద్దమ్మ చూసింది సార్" అన్నాను.

అబద్ధం కాదు. ఆమె చూసింది. చూసి వద్దంది. ఆ రెండో ముక్క నేను మింగేశాను. సేటుకూ గుర్తుండే ఉంటుంది, ఆయనా మాట్లాడలేదు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. మరునాడు ఆమెను ఇంటి దగ్గర ఆరాం తీసుకొమ్మన్నారు. ఆ మాట చెప్పడానికి కూడా నన్నే పంపారు.

ఏడాది తర్వాత క్షమించమని అడుగుదామని పెద్దేముల్ వెళ్లాను. పత్తి ఏరడానికి కూలికి పోయి అప్పుడే వచ్చింది. నా నడుము నొప్పి తగ్గిందా అని అడిగింది. చాయ్ పెట్టింది. ఎంతసేపు కూర్చున్నా నా నోట ఆ మాట రాలేదు. లేచి చెప్పులేసుకుంటుంటే ఆమే అంది:

"గా దినం నీ కొలువు పోతదని భయమైంది గదా? నన్నడిగితే నేనే ఒప్పుకునేదాన్ని బిడ్డా. అడగకుంటనే నెత్తిన పెట్టినవ్."

కోపంగా అనలేదు. నా చెప్పుల వైపు చూస్తూ మామూలుగా అంది. మళ్లీ ఆ గడప తొక్కే ధైర్యం నాకు రాలేదు, మొన్నటిదాకా.

మొన్న ఆ వాకిట్లో ఆమె కూతురు నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. "కూసోండ్రి మేడం" అంది. చిన్నప్పుడు షెడ్డుకు వచ్చి నా ఒళ్లో కూర్చుని అక్కా అక్కా అని పిలిచిన పిల్ల. మిల్లు నుంచి ముగ్గురే వచ్చారు, ఆ పూట కూలి వదులుకుని. దండ ఎవరికివ్వాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. చివరికి పాస్టర్ గారు తీసుకుని పెట్టె మీద వేశారు.

పనిలో పైకి రావడం గురించి నన్నెవరైనా అడిగితే ఇప్పటిదాకా పెద్దమ్మ నేర్పిన గింజ సంగతే చెప్తూ వచ్చాను. ఆమె నేర్పింది ఇంకా చాలా ఉంది, నేను నేర్చుకోలేదు.

సమాధుల దొడ్డి ఊరి బయట, బాట పక్కనే ఉంది. పెట్టె దించుతుండగా బాట మీదుగా ఒక పెద్ద గొర్రెల మంద వచ్చింది. గొంగడి భుజాన వేసుకున్న కాపరి మమ్మల్ని చూసి, ముందుకు నడిచి, కర్ర అడ్డం పెట్టి మందను ఆపాడు. ఎవరు పోయారని అడగలేదు. ఒక గొర్రెపిల్ల అరిస్తే దాన్ని చంకకెత్తుకున్నాడు. పారలతో మట్టి లాగుతూనే ఉన్నారు. వెనక వచ్చిన ట్రాక్టరు హారన్ కొట్టినా ఆయన కదల్లేదు. ఆఖరి పార మట్టి పడేదాకా, ఆ దుమ్ములో, గొర్రెలన్నీ తలలు వంచుకుని నిలబడే ఉన్నాయి.