ఆమె పని గురించి నేను చెప్పిన జవాబు

పోయిన ఆదివారం బాల్కొండ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అతని భార్యకు రొమ్ము క్యాన్సర్. రొమ్ము తీసేసి, ఆ చోట సిలికాన్ ఇంప్లాంట్ పెడతారట. దాన్ని ఛాతీ కండ కింద పెట్టాలా, కండ పైన పెట్టాలా అన్నది వాళ్లు తేల్చుకోవాలి. మా ఇంట్లో ఇది ఒకసారి జరిగింది కనుక నన్ను అడిగాడు. ఆమె చేతులతో ఏం పనులు చేస్తుందన్నాను. "దానికేం పనుంటది మామా, ఇంట్లనే గదా, ఏదైతేంది" అన్నాడు. ఫోన్ ఆమెకిమ్మన్నాను. మాట్లాడి పెట్టేశాను. ఏడెనిమిదేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక డాక్టర్ ముందు కూర్చుని నేనూ ఆ మాటే అన్నాను.

నేను ఆర్మూర్ బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఊరి బయట మాకు మూడెకరాల పసుపు చేను ఉండేది. అది నా పేరు మీద ఉన్నా నడిపింది నా భార్యే. విత్తనం ఏరడం దగ్గర్నుంచి, తవ్విన దుంపను విరిచి కొమ్ములు వేరు చేసి, ఉడికించి, ఎండబోసి, మబ్బు పడితే టార్పాలిన్లు కప్పడం దాకా కూలీలతో పాటు తానూ వంగి చేసేది. నేను సెలవు రోజున పోయి గట్టు మీద కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ని. మీ ఆవిడ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మాత్రం మా వైపు మగవాళ్లందరం చెప్పే జవాబే చెప్పేవాణ్ని. జీతం రాని పనిని మేము పని అనం. పైగా సారు భార్య చేనుకు పోతుందని చెప్పడం నాకు చిన్నతనంగా ఉండేది.

ఆమెకు ఆ జబ్బే వచ్చినప్పుడు హైదరాబాద్ డాక్టర్ ఓపికగానే చెప్పాడు. కండ కింద పెడితే పైన కండ కప్పి ఉంటుంది కాబట్టి అంచులు కనిపించవు, కానీ నొప్పి ఎక్కువ, బలంగా చెయ్యి వాడినప్పుడు కండతో పాటు అదీ కదులుతుంది. పైన పెడితే కండ జోలికి పోరు, చెయ్యి త్వరగా తేరుకుంటుంది, కానీ చర్మం పలచగా ఉన్నచోట ముడతలు కనిపించవచ్చు. ఈమెకు రెండూ కుదురుతాయని చెప్పి, చేతులతో బరువు పనులు చేస్తారా అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే "ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంటది" అన్నాను. ఆమె వేళ్లు అప్పుడు కూడా పచ్చగానే ఉన్నాయి. ఆయన అది పూజ పసుపు అనుకుని ఉంటాడు. కండ కింద పెట్టారు.

గాయం బాగానే మానింది, జబ్బు మళ్లీ రాలేదు. కానీ ఆ ఏడు పసుపు తవ్వాక, దుంపను రెండు చేతులతో పట్టి విరిచినప్పుడల్లా ఛాతీని ఎవరో లోపలి నుంచి గుంజినట్టు అవుతోందని ఆగిపోయేది. "సారూ, డాక్టర్‌కు జవాబు నువ్వే చెప్తివి, గీ పసుపు గూడ నువ్వే వచ్చి విరువు" అని నవ్వింది. కూలీ ఆడవాళ్లు కూడా నవ్వారు. నేను పోయి కూర్చున్నాను, గంట తిరగకుండానే వేళ్లు బొబ్బలెక్కాయి. ఆమె మాత్రం ఆ ఏడూ, మరుసటి ఏడూ చూసి, "ఇగ నాతోని గాదు, కౌలుకిద్దాం" అంది. అప్పుడు నవ్వలేదు. ఆ తరువాత ఆమె నిజంగానే ఇంట్లో ఉండిపోయింది. పొద్దున లేచి వాకిలి ఊడ్చాక ఏం చేయాలో తోచక మళ్లీ ఊడ్చేది.

పోయిన చలికాలంలో ఆమె గుండె ఆగి చనిపోయింది. ఇప్పుడు కొన్ని దవాఖానల్లో మగవాళ్లను బయట కూర్చోబెట్టి ఆడవాళ్లనే అడుగుతున్నారట. మంచి పద్ధతే. అప్పుడు మేము భార్య తరఫున మాట్లాడటం మర్యాద అనుకున్నాం. ఆ రోజు నన్నూ బయటికి పొమ్మని ఉంటే ఆమె తన పనుల్లో ముందు దేన్ని చెప్పేదో అని ఆలోచిస్తుంటాను. అన్నేళ్లు కలిసి ఉండి కూడా అది నాకు తెలియదు.