అంగడి ముందు పొయ్యి

ఆ రోజుల్లో బియ్యం మీద రాత ఉండేది కాదు నాయనా. మీరిప్పుడు ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి, చీమ తలకాయంత అక్షరాలన్నీ చదివితే గానీ కొనరు. మొన్న నా చిన్న మనవరాలు అంగట్లో ప్యాకెట్టు చేతబట్టుకుని ఫోన్లో "ఉండు అవ్వా, ఇది మంచిదో కాదో చూసి చెప్తా" అని చదవడం మొదలుపెట్టి నన్ను మరిచే పోయింది. నేనిక్కడ నంద్యాలలో ఫోను చెవికి ఆనించుకుని నవ్వుకుంటూ కూర్చున్నా. మా కాలంలో సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు గింజలు తీసి, అరచేతిలో రుద్ది, వాసన చూసి, నాలుగు నోట్లో వేసుకుని కొరికేవాళ్లం. పటుక్కుమంటే పాతవి, మెత్తగా నలిగితే కొత్తవి. అదే పరీక్ష. (కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఒక పిడికెడు నమిలి, తల అడ్డంగా ఊపి మరీ పోయేవాళ్లు.)

నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కోడలిగా పోయిన కొత్తల్లో మా మామకు అక్కడి బజారులో బియ్యం అంగడి ఉండేది. పాత సోనా బియ్యం కావాలంటే చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది. ఏ మాటైనా "నిజం చెప్తాండా" అని మొదలుపెడుతుంది కాబట్టి అందరూ ఆమెను నిజాల పెద్దమ్మ అనేవాళ్లు. ఆమె మనవరాలి పెళ్లికి బియ్యం మా అంగడి నుంచే పోయాయి. ఏం జరిగిందో ఏమో, ఆ పెళ్లిలో అన్నం జావైపోయింది. ప్యాపిలి నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు విస్తళ్ల ముందు కూర్చుని, "ఏమప్పా, తాగేదానికి గ్లాసులు ఇయ్యరా?" అన్నారట. ఆ మాట పెద్దమ్మకు ముల్లులా దిగింది. మర్నాడు మా అంగడి ముందే నిలబడి, "నిజం చెప్తాండా, కొత్త బియ్యం పాతవని అంటగట్టినాడు" అని బజారంతా వినేటట్లు చెప్పిపోయింది.

అంతే, మా అంగడికి మనిషి రావడం ఆగిపోయింది. నిన్నటిదాకా మామా, అన్నా అని పిలిచినవాళ్లు తల దించుకుని అవతలి పక్కన నడిచిపోతున్నారు. మా మామ సంచుల మధ్య కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుకునేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, కలపకుండానే, "మా నాయన పెట్టిన అంగడి నా చేతిలోనే మూత పడేటట్లుండాది. మూసేసి నంద్యాల మిల్లులో గుమస్తాగా చేరతా" అన్నాడు మా అత్తతో. తలుపు చాటున నిలబడిన నాకు ఆ మాట విని కళ్లనీళ్లు తిరిగాయి. అప్పుడే నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. జనం మన మాట నమ్మకపోతే, వాళ్ల కళ్లముందే వండి పెడదాం. మా అత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "బజార్లో పొయ్యి పెడ్తావా? మనమేమన్నా పూటకూళ్లోళ్లమా ఏందీ?" అంది. అయినా వద్దనలేదు. ఆమెకూ వేరే దారి తోచలేదు పాపం.

మీ తాత మూడు రాళ్లు తెచ్చి పెట్టాడు, కట్టెలు కొట్టాడు, సిగ్గుపడి లోపలికి పోయాడు. నేను వండిన అన్నం మల్లెపూలలాగా విడివిడిగా వచ్చింది. ఎదురుగా సోడా అంగడి భాయ్ ఒక ముద్ద నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించి, "ఉత్త బువ్వ తింటే ఏం తెలుస్తాదమ్మా? రవ్వంత పప్పుంటే కదా నాలుక్కి తెలివొచ్చేది" అన్నాడు. న్యాయమే అనిపించి మర్నాడు గోంగూర పప్పు చేశా. ఆ తర్వాత ఎవరో మజ్జిగ లేదా అన్నారు, మజ్జిగ పెట్టా. ఆత్మకూరు బస్సు దిగినవాళ్లు కూడా తిన్నగా మా పొయ్యి దగ్గరికే రావడం మొదలైంది. అందరూ కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, "పప్పు బలే ఉడికిందే, ఈ బేడలు యాడివమ్మా?" అని అడిగి, పక్కంగడికి పోయి కందిబేడలు, అదే మీ కందిపప్పు, కొనుక్కుపోయారు. మా బియ్యం మాత్రం సంచుల్లో కదలకుండా కూర్చున్నాయి. "నా కోడలొచ్చి పక్కంగడోని బతుకు బాగుచేసింది" అంది మా అత్త, ఎవరికీ చెప్పనట్టు, అందరికీ వినబడేటట్టు.

ఆ వార్త నిజాల పెద్దమ్మకు చేరింది. ఒక పొద్దున తన ఇత్తడి గిన్నె చంకన పెట్టుకుని, తన ఇంటి నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. "నిజం చెప్తాండా, మీరు వండేది మీరు దాచుకున్న మంచి బియ్యం. ఈ పొద్దు నేను చూపించిన సంచిలోంచి తియ్యాల, నేనే వండాల" అంది. మా మామ ముఖం పాలిపోయింది. అయినా లేచి సంచి మూతి విప్పాడు. ఆమె బియ్యం కడిగి, వేలి గణుపుతో నీళ్లు కొలిచి పొయ్యి మీద పెట్టింది. చుట్టూ జనం మూగారు. ఊరంతా చూస్తుంటే ఎంత పెద్దమ్మకైనా తన కొలత మీద నమ్మకం ఉంటుందా? మూత తీసి, "ఏందిది, నీళ్లు కనపడవే" అని ఒక చెంబు పోసింది. ఆమె అటు తిరగ్గానే సోడా భాయ్ తొంగిచూసి, "మాడతాంది పెద్దమ్మా" అని ఒక సోడాసీసా నిండా నీళ్లు పోశాడు. పక్కంగడాయన వచ్చి, "పాత బియ్యమంటాండారు, ఇంకా తాగుతాది" అని తన వంతు పోశాడు. (కందిబేడలు అమ్ముకున్న కృతజ్ఞత కావచ్చు.) నేను నోరు తెరిచేలోపలే మా అత్త కూడా అంగడి పోతుందన్న భయంతో ఒక చెంబు వంచేసింది.

మూత తీసేసరికి అన్నం కాదు, జావ. మా మామ తువ్వాలు భుజాన వేసుకుని లేవబోయాడు. నేను గరిటె పట్టుకుని ఏడుపు మింగుకుంటున్నా. పెద్దమ్మ ఆ గిన్నె వంకే చూస్తోంది. అన్నం గిన్నె అంచుదాకా పొంగి ఉంది. ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా ఉంది గానీ బంక సాగలేదు. గింజ గింజలాగే ఉంది. "ఇన్ని చెంబుల నీళ్లకు కొత్త బియ్యమైతే అంటించుకునే గంజైపోవాల" అని గొణిగింది. తర్వాత, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "నిజం చెప్తాండా... పెండ్లిలో గూడా ఇట్లే, పొయ్యి కాడికి వచ్చినోళ్లంతా తలా చెంబు పోసినారు. నేనూ పోసిన" అంది.

"ఆ మాట ప్యాపిలోళ్లకు చెప్పింటే సరిపోయేది గదక్కా" అంది మా అత్త. మా అత్త లోపలికి పోయి చేటెడు రాగిపిండి తెచ్చి ఆ గిన్నెలో కుమ్మరించింది. మూత పెట్టి మగ్గనిచ్చి, కట్టె పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. ఒక్కదానివల్ల కాకపోతే పెద్దమ్మ గిన్నెను కాళ్ల మధ్య బిగించి పట్టుకుంది. సంగటి ముద్దలు, మిగిలిన గోంగూర పప్పు. బజారంతా మెట్ల మీద కూర్చుని తింది. పోయేటప్పుడు పెద్దమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "మా ఇంటికి అర్ధమూట పంపించు" అంది మా మామతో. ఆమె వెనకాలే మరో ఇద్దరు సంచులు చాపారు.

ఆ సాయంత్రం నేను మసిబట్టిన రాళ్లు కడుగుతున్నా. మా మామ కోడళ్లతో సూటిగా మాట్లాడే మనిషి కాదు. ఏం చెప్పాలన్నా గోడకో, మా అత్తకో చెప్పేవాడు. ఆ రోజు మాత్రం నా దగ్గరికొచ్చి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "రేపట్నించి పొయ్యి వద్దులే అమ్మా" అని, ఇంకొంచెం ఆగి, "ఆ పప్పు మాత్రం ఇంట్లో చెయ్యి" అన్నాడు. అంగడిని నిలబెట్టింది తానేనని అప్పటి నాలోని ఆ కొత్తకోడలు పిల్ల ఆ రాత్రంతా మురిసిపోయింది. నిలబెట్టింది ఆ పొద్దు వాళ్లంతా తలా చెంబు పోసిన నీళ్లని దానికి తెలియదు. నాకిప్పుడు తెలుసు గానీ, ఇన్నేళ్ల తర్వాత ఆ పిచ్చిదానికి చెప్పి సంతోషం పాడుచెయ్యడం దేనికని ఊరుకున్నా.