జాడీకి కట్టిన వాసెన

లేడీ మార్జరీ ఒక వస్తువు పారెయ్యగా ఆ ఊళ్ళో ఎవరూ చూళ్ళేదు. కొవ్వొత్తి మొదళ్ళు, తాడు ముక్కలు, అరిగిన గుండీలు, అన్నీ పెట్టెలోకి పోవాల్సిందే.

అలాంటి ఇంటికి వచ్చింది ఆవిస్. పదకొండేళ్ళ పిల్ల, తండ్రి పోయాడు, మూడు ఊళ్ళలో పొలాలున్నాయి. తల్లి నిక్షేపంలా ఉంది, కానీ ఆ రోజుల్లో చట్టం ప్రకారం ఆస్తి ఉన్న తండ్రిలేని పిల్ల రాజుగారి సొత్తు. లేదా ఆయన దగ్గర కొనుక్కున్నవాళ్ళ సొత్తు. మార్జరీ మొగుడు సర్ గ్రెగరీ కొనుక్కున్నాడు.

"పన్నెండు నిండగానే మా అబ్బాయి బార్నబీతో పెళ్ళి," అని మార్జరీ అందరికీ చెప్పుకుంది. బార్నబీకి పద్నాలుగేళ్ళొచ్చినా బొటనవేలు ఇంకా నోట్లోనే ఉంటుంది.

ఆవిస్ తల్లికి ఉత్తరం రాసింది. "అమ్మా, సెయింట్ ఆగ్నెస్ పండగనాడు పెళ్ళి. పాదిరిగారు అడిగితే ఇష్టం లేదనాలి. ఒక్కదాన్నే అయితే నోరు పెగలదు. వచ్చి పక్కన నిలబడు."

ఉత్తరం గుమ్మం దాటకుండానే గ్రెగరీ పట్టుకుని చదివాడు. పెళ్ళాం చేతికిచ్చి, "పొయ్యిలో పడెయ్" అన్నాడు.

మార్జరీకి చదువు రాదు గానీ కాగితం సంగతి తెలుసు. మందంగా, వెనకవైపు తెల్లగా ఉంది. "పడెయ్యమనడం ఎంతసేపు! కొనేటప్పుడు తెలుస్తుంది," అని గొణుక్కుంటూ పెట్టెలో దాచింది.

కొత్త సంవత్సరం వచ్చింది. కాబోయే వియ్యపురాలికి కానుక పంపకపోతే బావుండదు. ఉన్నవాటిలో బుల్లి జాడీ చూసి మురబ్బాతో నింపింది. వాసెనకి గుడ్డెందుకు దండగ? పెట్టెలో కాగితం తీసి, రాత లోపలికి మడిచి, మూతికి కట్టి పంపింది.

పెళ్ళిరోజు చర్చి ముందు ఆవిస్ తల్లి గుర్రం దిగింది, మోకాళ్ళదాకా బురదతో.

"రండి వదినగారూ!" మార్జరీ ఎదురెళ్ళింది. "కబురే పెట్టలేదు, ఎవరు చెప్పారు?"

"మీ మురబ్బా."

"అంత బావుందా!" అని మార్జరీ మురిసిపోయింది.

పాదిరిగారు అడిగారు. ఆవిస్ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకిష్టం లేదు" అంది, వెనకబల్లలవాళ్ళకి కూడా వినబడేట్టు. బార్నబీ నోట్లోంచి వేలు తీసి, "హమ్మయ్య" అన్నాడు.

గ్రెగరీ పెళ్ళాంకేసి తిరిగాడు. "కాల్చమన్నాను కదే!"

"అంత మంచి కాగితాన్ని ఎలా కాలుస్తామండీ?"

ఆవిస్ మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళింది, కొన్నవాళ్ళు కొన్నవాళ్ళే కదా. కాకపోతే పెళ్ళికూతురిగా కాదు. ఉత్తరం తల్లి దాచుకుంది. మురబ్బా మరకతో ఇప్పటికీ ఉంది ఆవిడ ఇంట్లో.

ఆ రోజు తల్లి తిరిగి గుర్రమెక్కుతుంటే మార్జరీ పరిగెత్తుకొచ్చింది.

"వదిన... అమ్మగారూ! ఖాళీ అయ్యాక జాడీ పంపించడం మర్చిపోకండి!"