అక్క ఇచ్చిన కిడ్నీ, నిలవని రక్తం

అక్క నాకు తన కిడ్నీ ఇచ్చిన ఏడాదికి, కడియంలోని మా నర్సరీకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. రెండు నెలలు తిరక్కుండానే గులాబీ మొక్కల వరుస చివరిదాకా నడవలేకపోయాను. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఐదు ఉంది.

రాజమండ్రి ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. మూడు వారాల్లో మళ్లీ పడిపోయింది. అలా నాలుగుసార్లు అయ్యాక, ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకు పంపారు.

"పార్వో అనే వైరస్ అండి. పిల్లలకొస్తే నాలుగు రోజులు జ్వరం, దద్దుర్లు, అంతే. మీకు మాత్రం మూలుగలో ఉండిపోయి రక్తం తయారవనివ్వట్లేదు" అన్నారు డాక్టరు గారు.

"పోవడానికి మందేంటండి?" అని అక్క అడిగింది.

"ఒంట్లో శక్తే దాన్ని తరమాలండి. కిడ్నీ నిలవడానికి వాడే మాత్రలు ఆ శక్తినే అణిచేస్తున్నాయి. తగ్గిద్దామంటే ఆ శక్తే కిడ్నీ మీద పడే ప్రమాదం."

అయినా మాత్రలు కొంచెం తగ్గించి, వైరస్‌తో పోరాడే ఇమ్యునోగ్లోబులిన్ ఐదు రోజులు ఎక్కించారు. హిమోగ్లోబిన్ పదికి పెరిగింది. అక్క వార్డులో అందరికీ స్వీట్లు పంచింది.

మూడు నెలలకు మళ్లీ ఆరుకి దిగింది. ఈసారి కిడ్నీ పాడవుతోందని చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది. ఆ రిపోర్టు అక్కకి చూపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నీ మొహం చూస్తే తెలుస్తోంది. నా కిడ్నీయేనా?" అంది.

తలూపాను. అక్క ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకోటి ఇవ్వడానికి లేదు కదరా" అంది.

జేబులోంచి రిపోర్టు తీసి అక్క చేతిలో పెట్టాను. వచ్చే వారం మళ్లీ రక్తం ఎక్కించాలి.