దశరథ్ రాగ్‌టైమ్

దశరథ్‌కు పియానో పిచ్చి పట్టిందని మా కొత్తకోటలో అందరికీ నవ్వులాట. ఆదివారాలు అతని పక్కన నిలబడి పాడే నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. పగలంతా హైవే మీద టైర్ల దుకాణంలో పనిచేసి, పొద్దుగూకే వేళకు చేతులు కడుక్కుని చర్చికి వచ్చేవాడు. అక్కడ ఎప్పుడో తెల్లదొరలు వదిలిపోయిన పియానో ఉంది. సగం మెట్లు పలకవు. పలికేవాటి మీదనే, ఫోన్‌లో చూసి రాగ్‌టైమ్ నేర్చుకున్నాడు. అదేమిటని అడిగితే వాయించి చూపించాడు. ఎడమచేయి తప్పకుండా ఒకటే నడక నడుస్తుంది, కుడిచేయి ఆ నడకకు దొరక్కుండా ముందో వెనకో చిందేస్తుంది. వింటుంటే కాలు ఊరుకోదు.

సొంతంగా అలాంటి పాట ఒకటి, ఒక రాగ్, కట్టాలి, జనం దాన్ని కూర్చుని వినాలి. అతను కోరుకున్నది ఇంతే.

తండ్రి మైసయ్య ఒకప్పుడు పేరున్న డప్పుగాడు. ఎవరింట్లో చావైనా ఒక మనిషి వచ్చి వాడ మొదట్లోనే నిలబడి కేకేసేవాడు. తింటున్న అన్నం వదిలి పోవాలి. కొడుకునెవరూ అలా పిలవకూడదనే బాప్తిస్మం తీసుకున్న రోజు డప్పు అటకెక్కించాడు మైసయ్య.

తెలంగాణ వచ్చిన మరుసటేడు సంఘపెద్ద నవీన్‌కుమార్ బిడ్డ పెళ్లి. జంట బయటికి నడిచేటప్పుడు తన రాగ్ వాయిస్తానని దశరథ్ బతిమాలితే సరేనన్నారు. మొదలుపెట్టాడు. పిల్లలు గంతులేశారు. నాకైతే గుండె ఉప్పొంగింది. అంతలో ముందు వరసలోని సుక్కమ్మ అవ్వ దిగ్గున లేచింది.

"ఎవ్వలు సచ్చిన్రురా? గిది సావుడప్పు గాదా!"

ఒక్కసారి అన్నాక అందరికీ అదే వినిపించింది. కుడిచేతిలో ఆడుతున్నది మైసయ్య డప్పు దెబ్బే. చిన్నప్పుడు వింటూ నిద్రపోయిన దెబ్బ, తెలియకుండానే వేళ్లలోకి వచ్చింది. పెళ్లికూతురు ఏడ్చింది.

"నా బిడ్డె పెండ్లిల గిదా కొట్టేది?" అని నవీన్‌కుమార్ పియానో మూత వేసేశాడు.

"బాపూ, నేను కావాలని చెయ్యలే," అన్నాడు దశరథ్ ఇంటికొచ్చి.

"ఎర్కనే బిడ్డా. అటకెక్కించిన గని, నీ చెవులకెంచి ఎట్ల తీస్త?" అన్నాడు మైసయ్య. ఆ పూట ఇద్దరూ తినలేదు.

కొన్ని నెలల తర్వాత సంఘపెద్దలు దయతలచారు. ఆ దెబ్బ తీసేస్తే మళ్లీ వాయించుకోవచ్చట. ఏం దయ! దశరథ్ ఆ దెబ్బ తీసి వాయించి చూశాడు. అది లేకుండా రాగ్‌లో ప్రాణం లేదు. ఇక కట్టడమే మానేసి, ఏళ్ల తరబడి వాళ్లడిగిన పాటలే వాయించాడు.

పోయిన ఎండాకాలం మైసయ్య చనిపోయాడు. శవపెట్టెను చర్చిలోకి తెచ్చాక నవీన్‌కుమారే దశరథ్ భుజం మీద చెయ్యేశాడు.

"ఇయ్యాల వాయించు తమ్మీ నీది. గిప్పుడు ఎవ్వరేమనరు."

దశరథ్ వాయించాడు, మొదటి నుంచి చివరిదాకా. జనమంతా కూర్చునే విన్నారు. వెక్కి వెక్కి ఏడ్చారు. ఒక్క కాలైనా కదలలేదు. అంత అందమైన ఆటను వీళ్లు శవం కోసమే దాచుకున్నారే!

మట్టి చేసి వారం తిరగలేదు. పై వీధి నుంచి మా చర్చికే వచ్చే ఒకతను బండి మీద వచ్చి, వాడ మొదట్లోనే ఆపి, అక్కడి నుంచే కేకేశాడు.

"దశరథూ! మా అవ్వ పోయింది. చర్చికి తెస్తున్నం. జర జల్ది రా!"

దశరథ్ అన్నం ముందు నుంచి లేచాడు.