శాంతయ్యన్న చూడమన్న సినిమా

మా సైదాబాద్ అపార్టుమెంటు మెట్ల గోడలకు ఈ వారం రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన తలుపు సందులోంచి వస్తుంటే ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు. నేను మాత్రం కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆ వాసన వస్తే నాకు శాంతయ్యన్న వచ్చినట్టే. డెబ్బైల చివర్లో నేను బస్సుల వర్క్‌షాపులో కొత్త గుమాస్తాను. ఆయన బస్సులకు రంగులేసే పెయింటరు. జహనుమా నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎర్రరంగు ఉండేది.

సినిమా పిచ్చి మా అందరికీ ఉండేది, చూపు ఆయనకే ఉండేది. మంచి సినిమా చెప్పమంటే ముందు ఆయనే ఒక ప్రశ్న వేసేవాడు. నన్నూ అడిగాడు.

"గేటు కాడ చాయ్ పోసేటాయన ఇయ్యాల ఏ రంగు అంగీ తొడిగిండు?"

"యాది లేదన్నా."

"గట్లయితే నీకు ఫైటింగుల సినిమానే మస్తు. పో."

రోషం పొడుచుకొచ్చింది. వారం రోజులు కనబడ్డ ప్రతి అంగీనీ చూసి పెట్టుకున్నాను. పచ్చగీతల అంగీ, మోచేతి దగ్గర చిరుగు అని చెప్పగలిగిన రోజున ఒక సినిమా పేరు చెప్పాడు. కథ చెప్పలేదు. "హీరోయిన్ ఇంట్ల గోడల రంగు చూడు, ఆఖరికి ఎట్ల మారుతదో" అన్నాడు, అంతే. అలా ఆయన మాట మీద సినిమాలకు వెళ్లేవాళ్లం ఏడుగురం తయారయ్యాం.

ఒక సోమవారం మంచి హుషారు మీద వచ్చాడు. "పిల్ల సచ్చిపోయినంక ఆమె పెండ్లి చూపిచ్చిండు. గిట్ల తీసుడు నేనెన్నడు చూడలే. పోయి నిమ్మళంగ చూడుండ్రి" అన్నాడు. సాయంత్రమే ఏడుగురం వెళ్లాం. సగం ఖాళీ హాలు, వెనక ఈలలు, లొల్లి. చచ్చిపోయిన పిల్ల మళ్లీ తెర మీద పసుపు బట్టల్లో నవ్వుతూ గోరింటాకు పెట్టించుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

బుధవారం అసలు సంగతి తెలిసింది. మా ఫిట్టర్ బామ్మర్ది ఆ టాకీసులోనే పనిచేసేవాడు. రీళ్ల డబ్బాల మీద నంబర్లు తారుమారయ్యాయట. నిజానికి పెళ్లి ముందు, చావు తర్వాత. నిన్ననే సరిచేశారట. వర్క్‌షాపంతా పడీపడీ నవ్వింది. "అన్నా, జర పైలం. బస్సు ముందటి బోర్డు ఎనక రాస్తవేమో" అన్నాడు ఫిట్టరు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. శాంతయ్యన్న బ్రష్షు దించి నన్నొక్కణ్ణే చూశాడు.

"నువ్వు ఏడ్చినవ్ గద తమ్మీ. నిన్న పొద్దుగాల నీ కండ్లు ఎర్రగుండె."

"నేనా? కంట్ల నలుసు పడ్డదన్నా."

ఆయన బ్రష్షు ఎత్తి మళ్లీ బస్సు వైపు తిరిగాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా "నాకేం ఎర్క, పోస్టర్ చూసి పోండ్రి" అనేవాడు. మళ్లీ ఒక్క సినిమా పేరు కూడా ఆయన నోటి వెంట రాలేదు.

ఆ ఆదివారం నేనొక్కణ్ణే మళ్లీ వెళ్లాను. అంతా వరసలో ఉంది. ఆమెకు పెళ్లయింది, తర్వాత చనిపోయింది, నాకు చుక్క కన్నీరు రాలేదు. రీళ్లు తప్పు గానీ ఆయన చూపు తప్పు కాదని అప్పుడర్థమైంది. ఆ మాట చెబుదామని ఎన్నిసార్లు ఆయన షెడ్డు దాకా వెళ్లానో. పక్కన ఎవరో ఉన్నారని తిరిగి వచ్చేసేవాణ్ణి, పిరికివెధవను. రెండేళ్లకు ఆయన రిటైరయ్యాడు. మళ్లీ కలవలేదు.

ఇప్పుడు పిల్లలకు ఏ సినిమా చూడమన్నా, నేను ఎక్కడ ఏడ్చానో ముందే చెప్పేస్తాను. వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఎంతమందికి చెప్పినా ఏం లాభం, అది వినవలసిన ఒక్క మనిషికి కంట్లో నలుసు పడిందని చెప్పాను.